బంటు అంటే ఏంటి తాతయ్యా?



ఈసారి పోస్టు కాస్త పెద్దదే. తీరిగ్గా కాఫీ పెట్టుకుని చదవండి. మధ్యలో కోపం వస్తే ఆపుకుని, చివరిదాకా చదివాకే తిట్టండి.

పోయిన నెల మీటింగులో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. మన పిల్లలు ఐదుగురు ఒక కాగితం పట్టుకొచ్చారు. ఉగాది కార్యక్రమంలో ఇరవై నిమిషాలు ఇవ్వమన్నారు. రెండు గిటార్లు, డ్రమ్స్, కీబోర్డు, ఒక వయొలిన్. పాడేది త్యాగరాజస్వామి ‘బంటురీతి కొలువు’. బెంగళూరు బ్యాండు ‘అగం’ చేసిన పద్ధతిలో చేస్తామన్నారు. మనం పది నిమిషాల్లో తేల్చేశాం. "త్యాగయ్యకి డ్రమ్సేమిటండీ" అని ఒకరు, "ఇవాళ ఇది ఒప్పుకుంటే రేపు అన్నమయ్యకి డీజే పెడతారు" అని ఇంకొకరు. అందరం నవ్వుకున్నాం. వద్దని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్లలు "సరే అంకుల్" అని వెళ్లిపోయారు. ఒక్కమాట వాదించలేదు. వాదించి ఉంటే నాకు ఇంత గుచ్చుకునేది కాదేమో.

ఆ రోజు చెయ్యెత్తడం తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

ఆ మీటింగయిన వారానికి మా అమ్మాయి కొడుకుతో మెట్రోలో వెళ్తున్నాను. పదో తరగతి చదువుతున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు, తల ఊగుతోంది. ఏం వింటున్నావురా అంటే ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు. నేను వద్దన్న పాటే! తీసేద్దామనుకున్నాను, కానీ మనవడి ముందు బాగుండదని ఊరుకున్నాను. రెండు స్టేషన్లు దాటేసరికి నా వేళ్లు నాకు తెలియకుండానే తొడమీద తాళం వేస్తున్నాయి. అప్పుడు వాడు అడిగాడు.

"తాతయ్యా, బంటు అంటే ఏంటి?"

ఈ పాటని వాడు ఎన్నిసార్లు విన్నాడో వాడికే లెక్కలేదు. ప్రతి అక్షరం నోటికొచ్చు. మొదటి మాటకే అర్థం తెలీదు. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లాడు!

"భటుడురా. కాపలా ఉండే సేవకుడు. నమ్మిన బంటు అంటాం చూడు, ఆ బంటు" అన్నాను.

"అంటే సెక్యూరిటీ జాబా? రాముడి దగ్గర సెక్యూరిటీ జాబ్ అడుగుతున్నాడా?"

నవ్వొచ్చింది, కానీ వాడు చెప్పింది అక్షరాలా నిజం. కొలువంటే ఉద్యోగమే. ఆ కీర్తన ఒక ఉద్యోగపు దరఖాస్తు. మన్మథుడు మొదలు మదం దాకా లోపల ఉండే శత్రువులందరినీ కొట్టి నేలకూల్చే పని కావాలని అడుగుతాడు త్యాగయ్య. ఆ పనికి యూనిఫారం కూడా తనే చెప్పుకుంటాడు. ఒళ్లు పులకరించి రోమాలు నిక్కబొడుచుకోవడమే కవచమట. రాముడి భక్తుణ్ణన్న ముద్రబిళ్ళ. చేతిలో కత్తి రామనామం. మన హైకోర్టులో జడ్జిగారి ముందు నడిచే డఫేదారుని చూశారుగా, పాతకాలం కలెక్టరాఫీసుల్లో బిళ్ళ బంట్రోతు అనేవాళ్లు. ఆ వేషం ఊహించుకోండి. తంజావూరు రాజు పిలిస్తే వెళ్లలేదని మనం గొప్పగా చెప్పుకునే మనిషి, రాముడి దగ్గర మాత్రం బంట్రోతు ఉద్యోగం చాలంటున్నాడు.

ఇదంతా వాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే డ్రమ్స్ కరెక్టే కదా తాతయ్యా, ఫైటింగ్ సాంగే కదా" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఇంటికెళ్లి ఆ ఆల్బం మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఒకసారి కాదు, వారంలో నాలుగుసార్లు. మీటింగులో నవ్వినవాళ్లలో ఎంతమంది అది విన్నారో నాకు తెలీదు. నేనైతే వినలేదు. వినకుండానే చెయ్యెత్తాను.

తెలియనివాళ్లకి కొంచెం చెప్తాను. అగం బెంగళూరులో 2003 ప్రాంతంలో మొదలైన బ్యాండు. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ మలయాళీ, వయొలిన్ కూడా వాయిస్తాడు. మనలాగే పొద్దున ఆఫీసుకెళ్లి, తీరిక దొరికినప్పుడు సాధన చేసుకుంటూ పైకొచ్చినవాళ్లు. ఏ.ఆర్. రెహమాన్ న్యాయనిర్ణేతగా సన్ టీవీలో వచ్చిన బ్యాండ్ల పోటీలో గెలిచి ముందు మన తమిళనాడు జనానికే బాగా తెలిశారు. మొదటి ఆల్బం ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ 2012లో వచ్చింది. మద్రాసులో ఉన్నవాళ్లకి ‘అగం’ అంటే వేరే చెప్పక్కర్లేదు, తమిళంలో లోపల అని. లోపలి మనిషి మేలుకోవడం, అదీ ఆల్బం పేరు. అందులో స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా ఉంది, కేరళ పడవపాటల ఊపు ఉంది, మల్హార్ ఉంది. మన ‘బంటురీతి’ని ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అన్న పేరుతో పెట్టారు. రాగం హంసనాదం కాబట్టి హంసలు, హంసలున్నాయి కాబట్టి సరస్వతి అని పెట్టుకుని ఉంటారు.

వాళ్లు వాయించే సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. రాక్ అనగానే మనకి జుట్టు విరబోసుకుని అరిచేవాళ్లు గుర్తొస్తారు. ఇది వేరు. 1960ల చివర్లో ఇంగ్లండులో కొందరు కుర్రాళ్లకి మూడు నిమిషాల పాట చాల్లేదు. పాటంటే ప్రయాణంలా సాగాలి, మధ్యలో తాళం మారాలి, ఒక్కొక్క వాయిద్యం విస్తారంగా పలకాలి అనుకున్నారు. కింగ్ క్రిమ్సన్ అనే లండన్ బ్యాండు 1969 అక్టోబరులో తెచ్చిన మొదటి ఆల్బంలో పాటలు ఐదంటే ఐదే. ఈ తరహాకి దారి వేసినవాటిలో దాని పేరే ముందు చెప్తారు. ఆలోచించండి. ఒక పాటని పట్టుకుని ఆలాపన, నెరవు, స్వరకల్పన, తని ఆవర్తనం అంటూ ముప్పావుగంట నడిపే కచేరీలు విన్నవాళ్లం మనం. మూడు నిమిషాలు చాలలేదన్నవాళ్ల బాధ మనకి అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

ఇంకో సంగతి. హంసనాదం ఇప్పుడు పాడేతీరులో ఐదు స్వరాల రాగం: స రి మ ప ని. గాంధారం లేదు, ధైవతం లేదు. రాక్ గిటార్లో పవర్ కార్డ్ అని ఒకటుంటుంది. గిటార్ నేర్చుకునే మా ఎదురింటి కుర్రాణ్ణి అడిగితే వాయించి చూపించాడు. అందులో మోగేవి రెండే స్వరాలు, స, ప. గాంధారం ఉండదు. గాంధారం లేని రాగం కింద గాంధారం లేని మోత. అందుకే ఎంత గట్టిగా వాయించినా రాగానికి అడ్డం పడదు. ఏ రాగం గిటారు కిందకి ఒదుగుతుందో తెలిసినవాళ్లే ఎంచుకున్నారనిపించింది నాకు. ఏదో కీర్తన దొరికింది కదా అని డప్పులు కొట్టడం కాదిది.

అయినా మన పెద్దల మాట కూడా వినాలి. మీటింగులో వచ్చిన అభ్యంతరాలు మూడు.

మొదటిది, పవిత్రత. త్యాగయ్య కృతి రాముడికి చేసిన నివేదన, దాన్ని లైట్ల మధ్య గంతులేస్తూ పాడతారా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ మన సభల్లో కృతి ఎలా వింటున్నామో కూడా చూసుకోవాలి. మార్గళి సీజన్లో సగం హాలు క్యాంటీను ఇడ్లీ గురించి మాట్లాడుకుంటుంది. తని ఆవర్తనం మొదలవగానే లేచి వెళ్లిపోయేవాళ్లం మనమే. వినేవాడి ఒళ్లు పులకరిస్తుందా లేదా అన్నదాన్నే త్యాగయ్య కవచం అన్నాడు. ఆ పిల్లలు గూస్‌బంప్స్ అంటారే, అదే రోమాంచం. అది వాళ్లకి వస్తోంది. నాకు మెట్రోలో వచ్చింది.

రెండోది, వాయిద్యాలు మనవి కావని. ఇది మాత్రం మద్రాసులో ఉండి అనకూడని మాట. వయొలిన్ ఎవరిదండీ? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ ఊళ్లోనే దొరలదగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చింది. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఉందా? పాలకొల్లునుంచి వచ్చిన మన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో ఏముంది? కరెంటు మాండొలిన్. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు బిగించుకున్న ఎలక్ట్రిక్ మాండొలిన్. మొదట్లో మొహం చిట్లించినవాళ్లు ఉన్నారు. తర్వాత అదే ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. 2014లో పోయినప్పుడు మన ఇళ్లల్లో మనిషి పోయినట్టే ఏడ్చాం. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బంలో త్యాగయ్యనీ జర్మనీ బాఖ్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఆ క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నవాళ్లు మన కమిటీలోనే ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.

వాయిద్యాల సంగతి వదిలేయండి, మనుషుల్ని కూడా వద్దన్నాం. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. మద్రాసులో తను సంపాదించుకున్న డబ్బుతో కట్టించింది. అదే సమాధి ముందు ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆమె ఊరుకోలేదు, ఆడవాళ్లతో వేరే ఉత్సవం నడిపింది. ఇవాళ పంచరత్న గోష్ఠిలో ఆడవాళ్లు లేకుండా ఊహించగలమా? వద్దన్న ప్రతిసారీ కొన్నేళ్లకి మనమే తలొంచుకున్నాం.

మూడో అభ్యంతరం చెప్పినాయన శంకరాభరణం గుర్తుచేశారు. గిటార్లు పట్టుకున్న కుర్రాళ్లకి శంకరశాస్త్రి బుద్ధి చెప్పిన సీను. 1980లో ఈ ఊరి థియేటర్లలో తమిళులు కూడా తెలుగులోనే చూసి చప్పట్లు కొట్టిన సినిమా. నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఈమధ్య మళ్లీ చూస్తే ఒకటి గమనించాను. శాస్త్రిగారు కుర్రాళ్లని ఊరికే తిట్టడు. వాళ్ల స్వరాలు ముందు తను పాడి వాళ్లకే అప్పజెప్తాడు. అంటే వాళ్ల సంగీతం ఆయనకి తెలుసు. విని, తెలుసుకుని, ఆ తర్వాత మాట్లాడాడు. మనం చేసిందేమిటి? వినకుండా చెయ్యెత్తాం. శంకరశాస్త్రి పేరు చెప్పుకునే హక్కు ఆ రోజు మనకి లేదు.

అలాగని ఆ ఆల్బంలో అంతా బాగుందని అనను. కొన్నిచోట్ల వాయిద్యాల హోరులో మాట మునిగిపోతుంది. కొన్ని కీర్తనలు ఏకాంతంలో రాముడితో గుసగుసలాడినట్టుంటాయి, వాటికి ఈ హోరు నప్పదు. ‘బంటురీతి’ భటుడి పాట కాబట్టి తట్టుకుంది. నా పెద్ద ఫిర్యాదు పేరు గురించి. ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అంటే రాగం తెలుస్తుంది, బంటు కనబడడు. ఆ పేరు విన్న పిల్లాడు హంసల్ని ఊహించుకుంటాడు గానీ, బిళ్ళ కట్టుకుని కత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ త్యాగయ్యని కాదు. అందుకే మా మనవడికి అన్నిసార్లు విన్నా అర్థం తెలియలేదు.

కానీ ఈ తప్పు బ్యాండుదా, మనదా?

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాను. 1940ల్లో ఈ ఊళ్లో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. కచేరీల్లో అంతా తెలుగు, సంస్కృతమేనా, వినేవాళ్లకి అర్థమయ్యే తమిళంలో పాడరా అని అడిగారు. 1943లో తమిళ ఇసై సంగం పెట్టుకున్నారు. ప్యారీస్ దగ్గర రాజా అణ్ణామలై మన్రం వాళ్లదే. మన పెద్దలు అప్పట్లో దాన్ని తెలుగుమీద దాడి అనుకుని బాధపడ్డారు. మా నాన్నగారు కూడా ఆ సంగతి వస్తే మొహం ముడుచుకునేవారు. ఇప్పుడు చల్లగా ఆలోచిస్తే వాళ్లడిగింది ఒకటే ప్రశ్న: వినేవాడికి అర్థం కాని పాట ఎవరికోసం? దానికి మనం గర్వంగా ఇచ్చుకున్న జవాబు, మాకు అర్థమవుతుందిగా అని. ఆ జవాబు ఇవాళ చెల్లదు. మన పిల్లలకే అర్థం కావడంలేదు.

2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2016 పదో తరగతి పరీక్షలకి చేరింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఈ పోస్టులో మాట్లాడను, దానిమీద మనలో మనకే వంద అభిప్రాయాలున్నాయి. తమిళం బాగా రావడం మన పిల్లలకి మంచిదే, ఈ నేల మనకి అన్నం పెట్టింది. కానీ బడిలో తెలుగు లేనప్పుడు ఇంట్లోనైనా నేర్పాలిగా? నేను నేర్పలేదు. మా అమ్మాయి నేర్పలేదు. మనవడు ‘బంటురీతి’ సాహిత్యాన్ని ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో చదువుకున్నాడు. త్యాగయ్య ఈ ఊరికి వచ్చి, పోరూరు అవతల కోవూరు సుందరేశ్వరుడిమీద ఐదు కీర్తనలు కట్టి వెళ్లాడు. ఆ కోవూరు మా ఇంటినుంచి కారులో గంట దూరం. మా పిల్లలెవరికీ వాటి అర్థం తెలీదు. డ్రమ్స్ వల్ల త్యాగయ్యకి వచ్చిన నష్టం ఏముందో నాకు తెలీదు గానీ, మావల్ల వచ్చిన నష్టం ఇది.

ఒక మలయాళీ గాయకుడు, బెంగళూరు బ్యాండు, ఇంగ్లీషు పేరున్న ఆల్బం. ఇన్ని మెట్లు దిగి వచ్చి మా మనవడి చేత "బంటు అంటే ఏంటి" అని నన్ను అడిగించాయి. మన సంఘం ఇన్నేళ్లలో జరిపిన ఆరాధనల్లో నిద్రపోయిన ఆ పిల్లాడు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. ఇది నాకు అవమానంగా ఉంది, సంతోషంగానూ ఉంది. రెండూ దాచుకోలేక ఇలా రాస్తున్నాను.

మాటలు చాలు. వచ్చే ఆదివారం మీటింగులో నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. ముందే చెప్తున్నాను, ఆలోచించుకుని రండి.

ఆరాధన రోజు పంచరత్నాలు ఎప్పటిలాగే గోష్ఠిగానే పాడదాం. అందులో మార్పు ఏమీ అడగను. ఉగాది సాయంత్రం పిల్లలకి ఆ ఇరవై నిమిషాలు ఇద్దాం. తొమ్మిదికల్లా ముగించాలి, పక్క అపార్టుమెంటువాళ్లు మనల్ని ఏడాదంతా భరిస్తున్నారు కాబట్టి.

పిల్లలకి ఒక్క షరతు. పాట మొదలుపెట్టేముందు ఐదుగురిలో ఒకరు మైకు ముందుకొచ్చి కీర్తన సాహిత్యాన్ని తెలుగు లిపిలో ఉన్న కాగితం చూసి చదవాలి. తర్వాత రెండు నిమిషాలు అర్థం చెప్పాలి, తెలుగులో. తప్పులొచ్చినా ఫరవాలేదు, నవ్వినవాళ్లని బయటికి పంపుదాం.

పెద్దలకీ ఒక షరతు. ఓటు వేసేముందు ఆ ఆల్బంలోంచి ఆ ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా వినాలి. ఫోన్ స్పీకర్లో కాదు, మీ పిల్లల ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకోండి. విన్నాక కూడా వద్దనిపిస్తే నిక్షేపంగా చెయ్యెత్తండి. నాకేం కోపం లేదు.

అక్షరాలు నేర్పే పని నాది. ఉగాది లోపల నాలుగు ఆదివారాలు, పొద్దున పది గంటలకి మన హాల్లో కూర్చుంటాను. బ్యాండు పిల్లలే కాదు, ఎవరైనా రావచ్చు. నాలుగు వారాల్లో ఎవరికీ తెలుగు రాదు, నాకూ తెలుసు. ఒక్క కీర్తన చదవడం వస్తుంది. మా మనవడు మొదటి బెంచీలో ఉంటానన్నాడు, వాడి మాట ఎంతవరకూ నమ్మచ్చో ఆదివారం తెలుస్తుంది.

బ్యాండు పిల్లలు ఇది చదువుతుంటే, బాబూ, ఆ రోజు మీ కాగితం పూర్తిగా చదవకుండా పక్కన పెట్టిన అంకుల్స్‌లో నేనొకణ్ణి. తప్పైపోయింది. ఆదివారం మీరూ రండి, ఈసారి "సరే అంకుల్" అని వెళ్లిపోకండి.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి. అందరికీ జవాబిస్తాను, రాత్రి పదిలోపు అయితే.